బోర్డు చవక, రోడ్డు ఖరీదు

డాలస్‌కు ఉత్తరాన, నిన్నమొన్నటిదాకా పత్తీ జొన్నా పండిన నల్లరేగడి మీద లేచిన ఊళ్ళలో మాదొకటి. వీధికి నాలుగైదు గడపలు మనవాళ్ళవే. సబ్‌డివిజన్ మధ్యలోంచి ఒక పొడుగాటి రోడ్డు పోతుంది. ఆ చివర హైవే, ఈ చివర ఎలిమెంటరీ స్కూలు. నడిమధ్యన దానికి అడ్డంగా ఒక చిన్న వీధి కలుస్తుంది. చిన్న వీధిలోంచి వచ్చేవాళ్ళకి రెండు పక్కలా స్టాప్ బోర్డులున్నాయి. పొడుగు రోడ్డు మీద పోయేవాళ్ళకి లేవు.

ఆ రోడ్డుకీ రెండు బోర్డులు పెట్టి నాలుగు వైపులా బండ్లు ఆగేలా చెయ్యాలనీ, వేగాన్ని గంటకు 30 మైళ్ళ నుంచి 25కి దించాలనీ సుభద్ర ఒక అర్జీ రాసి ఇల్లిల్లూ తిరుగుతోంది. మూర్తిగారు మాత్రం సంతకం పెట్టనన్నారు. ఆయన కాకినాడలో సివిల్ ఇంజినీరింగ్ చదివి, టెక్సస్‌లోనే మరో ఊరి ట్రాఫిక్ విభాగంలో ఉద్యోగం చేసి రిటైరయ్యారు. "ఎందుకు పెట్టరో వచ్చి చెప్పండి, టీ ఇస్తాను" అంది సుభద్ర. వాళ్ళత్తగారు రంగమ్మగారు తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. పకోడీలు వేయించి పెట్టి, ఆవిడా అక్కడే కూర్చున్నారు. నేను వినడానికి వెళ్ళాను. మధ్యలో నోరు విప్పకపోవడం కష్టమే అయింది.

సుభద్ర: వీధిలో దాదాపు అందరూ పెట్టారు బాబాయిగారూ. మీ గుమ్మం దగ్గరే ఆగింది. పిల్లలు బడికి నడిచే దారిలో స్టాప్ బోర్డు పెట్టమంటే కాదనేవాళ్ళు ఉంటారని నేననుకోలేదు.

మూర్తి: నువ్వు కావాలనేది వేగం తగ్గడం. దానికి తెచ్చుకుంటున్నది వేరే మందు. స్టాప్ బోర్డు ఉన్నది, ముందు ఎవరు పోవాలో తేల్చడానికమ్మా. ట్రాఫిక్ బోర్డులకి ఇక్కడ ఫెడరల్ ప్రభుత్వం మాన్యువల్ ఒకటుంది, 1935 నుంచీ వస్తోంది. 2023 డిసెంబరులో పదకొండో కూర్పు వేశారు. వేగం అదుపు చెయ్యడానికి స్టాప్ బోర్డు వాడొద్దని అందులో ఉంది.

సుభద్ర: పుస్తకంలో ఉందని...

మూర్తి: పుస్తకం పక్కన పెట్టు, మనిషిని చూడు. అడ్డంగా ఎవరూ రాని చోట వాణ్ణి రోజూ ఆపావనుకో. వారం రోజులు ఆగుతాడు. తర్వాత చూసీచూడనట్టు పోతాడు. పోయిన క్షణాల్ని బోర్డు దాటాక రాబట్టుకుంటాడు. బోర్డు దగ్గర కాసింత దూరం నెమ్మదిస్తాడు గానీ రెండు బోర్డుల మధ్య ఇంకా గట్టిగా తొక్కుతాడు. మీ పిల్లలు ఆడుకునేది ఆ మధ్యలోనే కదా.

రంగమ్మ: ఆ మాట నిజం. ఇప్పుడున్న బోర్డు దగ్గరే ఎవరూ ఆగరు మూర్తిగారూ. పొద్దున కాఫీ తాగుతూ ఆ కిటికీ దగ్గర కూర్చుంటా కదా. కారు ముక్కు కాస్త కిందికి వంగుతుంది, మళ్ళీ లేస్తుంది. చక్రం మాత్రం నిలవదు. ఆ పసుప్పచ్చ హైస్కూలు బస్సొక్కటే బుద్ధిగా ఆగుతుంది.

సుభద్ర: అత్తయ్యా, మీరు ఎవరి తరఫున మాట్లాడుతున్నారు?

రంగమ్మ: మీరిద్దరూ కార్లలో తిరిగేవాళ్ళు. నేను నడిచేదాన్ని.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఈ ఊళ్ళలో కాలినడకన కనిపించేది ముగ్గురే: బడిపిల్లలు, కుక్కల్ని తిప్పేవాళ్ళు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు. ఎండ తగ్గాక చూడండి. చీర మీద స్వెటరు, కాళ్ళకి కోడలి పాత స్పోర్ట్స్ షూ, చేతిలో మొబైలు, ఇద్దరేసి ముగ్గురేసి సైడ్‌వాక్ మీద వస్తుంటారు. బండ్లు ఎటు నుంచి వస్తాయో వాళ్ళకింకా అలవాటు పడదు. ఎడమవైపు చూడాల్సిన చోట కుడివైపు చూస్తారు. వాళ్ళకి ఇక్కడ లైసెన్సు లేదు, ఓటు లేదు. మా ఊరి అర్జీ ఫారంలో ఇంటి యజమాని సంతకం మాత్రమే చెల్లుతుంది కాబట్టి అదీ లేదు. రోడ్డును అందరికన్నా ఎక్కువగా కాళ్ళతో వాడేవాళ్ళు ఆ కాగితంలో ఎక్కడా లేరు.

సుభద్ర: సరే. మీ పుస్తకం ప్రకారం నాలుగు వైపులా బోర్డు ఎప్పుడు పెడతారు?

మూర్తి: పెద్ద రోడ్డు మీద గంటకి సగటున 300 బండ్లు, రోజులో ఎనిమిది గంటలు అలా ఉండాలి. ఆ గంటల్లోనే అడ్డ వీధి నుంచి బండ్లు, సైకిళ్ళు, నడిచేవాళ్ళు కలిపి 200 ఉండాలి. మనకి ఉదయం బడివేళ తప్ప అందులో సగం కూడా ఉండదు. లేదూ, నాలుగు రోడ్ల కూడలిలో ఏడాదిలో ఐదు ప్రమాదాలు రికార్డుకి ఎక్కాలి. అవి కూడా నాలుగు వైపులా ఆపితే జరిగి ఉండేవి కావు అనదగ్గవై ఉండాలి.

సుభద్ర: అంటే నాలుగు జరిగాక ఐదోది ఎప్పుడవుతుందా అని కూర్చోవాలి.

మూర్తి: మాట అలా తిప్పకు. ఊళ్ళో అలాంటి కూడళ్ళు వందల్లో ఉంటాయి. డబ్బు ముందు ఎక్కడ పెట్టాలో ఏదో ఒక లెక్క ఉండొద్దూ?

సుభద్ర: ఉండాలి. కానీ ఆ లెక్కలోకి ఏం వస్తోంది, ఏం రావడం లేదు? మొన్న మావాడు సైకిల్ మీద ఆ మూల దగ్గర దిగాడు. ముందు చక్రం కర్బు దాటిందో లేదో, పికప్ ట్రక్కు కీచుమంటూ పక్కకి కొట్టుకుని ఆగింది. రోడ్డు మీద టైర్ల నల్ల చారలు ఇప్పటికీ ఉన్నాయి, వెళ్ళి చూడండి. డ్రైవరు అద్దం దించి 'సారీ బడ్డీ' అని వెళ్ళిపోయాడు. ఏమీ కాలేదు కాబట్టి ఎక్కడా రాయలేదు. మరుసటి రోజు నుంచీ వాణ్ణి నేనే కార్లో దింపుతున్నాను. నడిచిపోగలిగినంత దూరం! బడికి రెండు మైళ్ళలోపు ఉన్నవాళ్ళకి బస్సు రాదు, కాబట్టి అందరం కార్లే తీశాం. ఇప్పుడు మీవాళ్ళు వచ్చి ఆ మూల దగ్గర నిలబడి లెక్కపెడితే ఏం తేలుతుంది? దాటే పిల్లలు లేరు, కాబట్టి దాటడానికి ఏర్పాటూ అక్కర్లేదు. భయపడి నడవడం మానేసినవాళ్ళని ఏ గడిలో రాస్తారు బాబాయిగారూ?

మూర్తిగారు పకోడీ చేతిలో పట్టుకుని కాసేపు ఊరుకున్నారు. ఈ ప్రశ్నకి ఆయన వృత్తిలో సరైన జవాబు ఉందని నేననుకోను. ప్రమాదాల లెక్క పోలీసు రిపోర్టుల నుంచి వస్తుంది. తృటిలో తప్పినవాటికి రిపోర్టు ఉండదు, మానుకున్న నడకకి అసలే ఉండదు.

మూర్తి: ఆ గడి లేదు. ఉండాల్సిందే, ఒప్పుకుంటాను. కానీ బోర్డు వస్తే ఏమవుతుందో కూడా చూడు. బోర్డు ఉంది కదా అని మీవాడు ధైర్యంగా దిగుతాడు. బోర్డు ఉన్నా డ్రైవరు ఆగడు, ఇప్పుడే అక్కయ్యగారు చెప్పారు. అసలు బోర్డే లేకపోతే పిల్లాడు నిలబడి నాలుగు దిక్కులూ చూస్తాడు.

సుభద్ర: ఎనిమిదేళ్ళవాడు చూస్తాడా?

మూర్తి: ఎనిమిదేళ్ళవాడు చూడడు. అందుకే వాడికి రక్షణ ఒక రేకు ముక్క మీద ఆధారపడకూడదంటున్నాను.

రంగమ్మ: అసలు ఈ ఎర్ర బోర్డు ఎవరు కనిపెట్టారండీ?

మూర్తి: 1915లో డెట్రాయిట్‌లో మొదట పెట్టారు, తెల్ల రేకు మీద నల్ల అక్షరాలు. ఎనిమిది పలకల ఆకారం 1923లో వచ్చింది. వెనక నుంచి చూసినా, చీకట్లో చూసినా ఆకారాన్ని బట్టి పోల్చుకోవాలని. చాలాకాలం పసుపు రంగులోనే ఉండేది. వెలిసిపోని ఎరుపు దొరికాక, 1954లో ఎరుపు చేశారు.

సుభద్ర: వేగం సంగతికి రండి. 25 చెయ్యమంటే దానికీ అడ్డమేనా?

మూర్తి: దానికి కాదు. కానీ దారి అంత సులువుగా లేదు. టెక్సస్‌లో ఊరి వీధులకి చట్టం ఇచ్చిన వేగం 30. వెడల్పు 35 అడుగులు మించకుండా, పక్కన బండ్లు నిలుపుకోనిచ్చే వీధులైతే కౌన్సిల్ తనంతట తానే 25కి దించొచ్చు. మన రోడ్డు నేను కొలిచాను. 36.

సుభద్ర: ఒక్క అడుగు!

మూర్తి: ఒక్క అడుగే. అది దాటితే ఇంజినీరింగ్ సర్వే చెయ్యాలి. ఆ సర్వేలో మామూలుగా చూసేది 85వ శాతం వేగం. నూరు బండ్లలో 85 ఏ వేగానికి లోబడి పోతున్నాయో, దాని దరిదాపుల్లో పరిమితి పెట్టడం మా పద్ధతి. మన రోడ్డు మీద అది 30కి తక్కువ వస్తుందని నాకు ఆశ లేదు.

సుభద్ర: అంటే తొక్కేవాళ్ళే చట్టం రాస్తారు. నేనూ చదివే వచ్చాను బాబాయిగారూ. ఆ పద్ధతికి బలంగా చూపించేది 1964 నాటి సాలమన్ అధ్యయనం. అది పల్లెల మీదుగా పోయే పెద్ద రహదారుల మీద చేసింది. ఆ రోడ్ల మీద సైకిల్ తొక్కే పిల్లలు ఎందుకుంటారు? ఈ పద్ధతిని సవరించమని 2017లో ఇక్కడి రవాణా భద్రతా బోర్డు ఎన్‌టీఎస్‌బీ కూడా చెప్పింది. మీ కొత్త మాన్యువల్లో 85 ఒక్కటే చూడొద్దు, చుట్టూ ఏముందో, ఎవరు నడుస్తున్నారో చూడండి అని రాశారు కూడా.

మూర్తి: రాశారు. రాసింది ఆఫీసుల్లోకి దిగడానికి టైము పడుతుంది.

సుభద్ర: ఐదు మైళ్ళకి ఇంత గొడవ ఎందుకు అంటారు కొందరు. మీరే చెప్పండి, ఐదు మైళ్ళలో ఏముంది?

ఆయన జేబులోంచి పెన్ను తీసి అర్జీ కాగితాన్ని బోర్లా తిప్పారు. తాను వ్యతిరేకిస్తున్న కాగితం వెనకాలే ఆవిడకి పనికొచ్చే లెక్క వేశారు. వాదనలో అలాంటి మనిషి ఎదురుపడటం అదృష్టం.

మూర్తి: 30 మైళ్ళంటే సెకనుకి 44 అడుగులు. పిల్లాడు కనబడి, కాలు బ్రేకు మీదికి వెళ్ళేసరికి ఒకటిన్నర సెకను అనుకో. అప్పటికే 66 అడుగులు పోతాడు. పొడి రోడ్డు మీద గట్టిగా తొక్కితే ఆగడానికి ఇంకో 43. మొత్తం 109. అదే 25లో అయితే 55 ఒకటి, 30 ఒకటి, మొత్తం 85. ఇప్పుడు 85 అడుగుల దూరంలో పిల్లాడు దిగాడు. 25లో వచ్చేవాడు వాడి ముందు ఆగుతాడు. 30లో వచ్చేవాడు అదే చోటికి వచ్చేసరికి ఎంత వేగంలో ఉంటాడో చెప్పు.

సుభద్ర: ఐదా?

మూర్తి: 22.

రంగమ్మగారు నా వైపు చూశారు. ఆ అంకెలు ఆవిడకి అక్కర్లేదు గానీ, బల్ల దగ్గర ఎవరూ మాట్లాడకపోవడం ఆవిడకి అర్థమైంది.

మూర్తి: ట్రిపుల్ ఏ ఫౌండేషన్ 2011లో లెక్క వేసింది. 23 మైళ్ళ వేగంలో తగిలితే నడిచేవాళ్ళలో పదింట ఒకరు పోతారు. 32 దగ్గర నలుగురిలో ఒకరు. 42 దగ్గర సగం. ఇవి సగటు లెక్కలు. ముసలివాళ్ళకి ఇంకా తక్కువ వేగం చాలు.

సుభద్ర: పైగా మన దగ్గర పోయేవి మామూలు కార్లా? బానెట్ 40 అంగుళాలు దాటి ఎత్తున్న బండి, 30 అంగుళాల లోపు వాలు ముక్కు కారు కన్నా నడిచేవాళ్ళ ప్రాణం తీసే అవకాశం 45 శాతం ఎక్కువని హైవే సేఫ్టీ ఇన్సూరెన్స్ సంస్థ వాళ్ళు 2023లో తేల్చారు. మావాడి తల ఆ బానెట్ అంచు కిందికి వస్తుంది. నేను పక్కన నిలబెట్టి చూశాను.

మూర్తి: వేగం తగ్గాలన్న దాంట్లో నాకూ నీకూ పేచీ లేదమ్మా. బోర్డు మీద అంకె మారిస్తే తగ్గుతుందా అన్నదే పేచీ. రోడ్డు అదే, బోర్డు ఒక్కటే మారితే మైలో రెండు మైళ్ళో తగ్గడం నేను చూశాను.

సుభద్ర: బోస్టన్‌లో 2017 జనవరిలో ఊరంతా 30ని 25 చేశారు. 35 దాటి పోయే అవకాశం 29 శాతం తగ్గిందని వచ్చింది కదా.

మూర్తి: సగటు వేగం ఎంత కదిలిందో కూడా చదివావా?

సుభద్ర: దాదాపు కదల్లేదు. కానీ చంపేది సగటుగా పోయేవాడు కాదు కదండీ, 35 దాటినవాడు.

మూర్తి: (నవ్వి) అది నువ్వన్నది బాగుంది.

రంగమ్మ: ఇదంతా ఎందుకు, ఒక కెమెరా పెట్టేస్తే పోలా? మా పెద్దాడికి బెజవాడ వెళ్ళొచ్చేసరికి ఫోటోతో సహా ఫోన్లోకి చలానా వచ్చేస్తుంది.

మూర్తి: ఇక్కడ ఊళ్ళు స్పీడ్ కెమెరా పెట్టడానికి వీల్లేదు అక్కయ్యగారూ, 2007లో చట్టం చేశారు. సిగ్నళ్ళ దగ్గర ఎర్ర లైటు కెమెరాలనీ 2019లో తీసేశారు. పోలీసు స్వయంగా వచ్చి కూర్చోవాలి. నేను పని చేసిన చోట, అర్జీ ఎక్కువగా వచ్చే వీధులకి వారం రోజులు పోలీసుని పంపేవాళ్ళం. టికెట్లు పడేది ఎవరికనుకున్నారు? ఆ వీధివాళ్ళకే. బయటివాళ్ళు మా వీధిని అడ్డదారి చేసుకున్నారని రాసినవాళ్ళే ఆఫీసుకి ఫోన్ చేసి, 'మేం అడిగింది మాకోసం కాదు' అనేవాళ్ళు.

సుభద్ర: ఇక్కడా అంతేనంటారా?

మూర్తి: ఈ రోడ్డు ఎటూ పోదు కదమ్మా. హైవే నుంచి ఇళ్ళకీ, ఇళ్ళ నుంచి బడికీ. దీని మీద బయటివాడు ఎందుకొస్తాడు, అమెజాన్ వ్యాన్ తప్ప?

సుభద్ర దీనికి జవాబివ్వలేదు. టీ వేడి చేసుకొస్తానని లేచింది. తిరిగొచ్చేసరికి మాట మన ఊళ్ళ స్పీడ్ బ్రేకర్ల మీదికి మళ్ళింది.

రంగమ్మ: మా వీధిలో అయితే ఇంత చర్చ లేదు. స్లాబు పోయగా మిగిలిన కాంక్రీటు రోడ్డుకి అడ్డంగా పోశారు. తెల్లారేసరికి స్పీడ్ బ్రేకర్.

మూర్తి: దానికీ కొలత ఉందండీ. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లోనే చెప్పింది. వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు పది సెంటీమీటర్లు. అలా కడితే గంటకి 25 కిలోమీటర్ల వేగంలో ఒళ్ళు అదరకుండా దాటొచ్చు. మనవాళ్ళు అదే ఎత్తుని అడుగు వెడల్పులో పోస్తారు. రంగు వెయ్యరు, ముందు బోర్డు పెట్టరు. రాత్రిపూట బైకు వెనక కూర్చున్న ఆడమనిషి ఎగిరి పడుతుంది.

సుభద్ర: కానీ అక్కడ జనానికి రోడ్డు మీద కొంత అధికారం ఉంది, అడ్డగోలుగానైనా సరే. ఇక్కడ చూడండి, ఫారం, సర్వే, మూడు నెలలు, మళ్ళీ ఫారం.

మూర్తి: దిబ్బ పోసే అధికారం వద్దుగానీ, అక్కడివాళ్ళకి ఒక విషయం తెలుసు. వేగాన్ని తగ్గించేది రోడ్డేనని. బోర్డు పెడితే ఎవడూ చూడడని వాళ్ళకి చెప్పక్కర్లేదు. మన రోడ్డునే చూడు. తిన్నగా కొట్టిన తాడులా ఉంటుంది. 36 అడుగుల వెడల్పు. అందరి గ్యారేజీలూ వెనక సందులోకి ఉన్నాయి కాబట్టి పక్కన నిలిపిన బండి కూడా పెద్దగా ఉండదు. చెట్లు ఇంకా మనిషెత్తు రాలేదు. కాలు దానంతట అదే కిందికి పోతుంది. 30 అని రాసిన బోర్డు ఒకటి చెబుతోంది, రోడ్డు ఇంకొకటి చెబుతోంది. డ్రైవరు వినేది రోడ్డు మాటే.

సుభద్ర: అయితే ఏం చెయ్యాలంటారు?

మూర్తి: మూలల దగ్గర కర్బుని రోడ్డులోకి పొడిగించాలి. దాటే దూరం తగ్గుతుంది, మలుపు బిగుస్తుంది. దాటే చోటు మొత్తాన్ని సైడ్‌వాక్ ఎత్తుకి లేపొచ్చు. మధ్యలో చిన్న గుండ్రటి దిమ్మె కట్టొచ్చు. ఇలాంటివి సియాటిల్‌లో ఇళ్ళ వీధుల్లో డెబ్భైల నుంచీ కడుతున్నారు. లేదా దిబ్బని మూడు ముక్కలుగా, మధ్య సందులు వదిలి వేస్తారు. కారు ఎక్కి దిగాలి, ఫైరింజను చక్రాలు సందుల్లోంచి పోతాయి. లేకపోతే ఫైర్ వాళ్ళు ఒప్పుకోరు, ఒక్కో దిబ్బకి కొన్ని సెకన్లు పోతాయి వాళ్ళకి. ఇవన్నీ రాత్రీపగలూ పని చేస్తాయి, పోలీసు ఉన్నా లేకపోయినా.

సుభద్ర: ఎంతవుతుంది?

మూర్తి: పోలిక లేదు. స్టాప్ బోర్డు కొన్ని వందల డాలర్లు. ఇవి వేలూ, పదివేలూ.

సుభద్ర: ఎన్నాళ్ళు?

మూర్తి: బడ్జెట్‌లో పెట్టాలి. వరసలో మనకి ముందు ఎన్ని వీధులున్నాయో చూడాలి.

సుభద్ర: మావాడు కాలేజీకి వెళ్ళేలోపు అవుతుందా?

ఈ వాదంలో నేను సుభద్ర పక్షమే. కారణం మాత్రం ఆవిడ చెప్పింది కాదు. స్టాప్ బోర్డు వేగం తగ్గించదన్న మూర్తిగారి మాట నిజమే. కానీ జనం దాన్నే ఎందుకు అడుగుతారు? వాళ్ళకి ఇంతవరకూ దొరికింది అదొక్కటే కాబట్టి. ఊరికి బోర్డు చవక. రేకూ గొట్టమూ పాతేసి, ఫోటో తీసి, మీ అర్జీ విన్నాం అని చెప్పొచ్చు. రోడ్డు తవ్వాలంటే డబ్బు కావాలి, టెండరు కావాలి, పార్కింగు పోయిందని అరిచేవాళ్ళకి జవాబు చెప్పాలి. కాబట్టి నిపుణుడు బోర్డు పనికిరాదంటాడు, పనికొచ్చేది ఖరీదంటాడు, ఆ రెండు మాటల మధ్య వీధి ఎలా ఉందో అలాగే ఉండిపోతుంది. 2022లో ఈ దేశంలో రోడ్డు మీద నడుస్తూ చనిపోయినవాళ్ళు 7,500 పైచిలుకు. నలభై ఏళ్ళలో అంత పెద్ద అంకె లేదు. అది ఒక పద్ధతి ఫలితం. ఆ పద్ధతిలో పనిచేసినవాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు, మూర్తిగారితో సహా.

మూర్తి: చవకగా అయ్యే పని ఒకటుంది. హోబోకెన్ తెలుసుగా, న్యూజెర్సీలో, మనవాళ్ళు చాలామంది ఉంటారు. 2017 జనవరి తర్వాత ఏడేళ్ళకి పైగా ఆ ఊళ్ళో రోడ్డు మీద ఒక్క ప్రాణం పోలేదు. వాళ్ళు చేసిన పనుల్లో ముఖ్యమైంది, కూడలి మూలల దగ్గర బండి నిలపకుండా చెయ్యడం. రంగు, ప్లాస్టిక్ కడ్డీలు, కొన్నిచోట్ల మొక్కల కుండీలు. దాటేవాడు డ్రైవరుకి కనబడాలి, డ్రైవరు దాటేవాడికి కనబడాలి. అంతే. మన మూల దగ్గర ఏముంది?

సుభద్ర: పికప్ ట్రక్కు.

మూర్తి: నల్లది. సరిగ్గా మూల మీద, ఎప్పుడు చూసినా అక్కడే. దాని పక్కన లాన్‌లో గులాబీ పూల క్రేప్ మర్టిల్ పొద. నేను అక్కడ నేల మీద కూర్చుని చూశాను, ఎనిమిదేళ్ళవాడి కంటి ఎత్తున. రోడ్డు కనబడదు. టెక్సస్ చట్టంలో కూడలి దగ్గర నడిచి దాటే చోటుకి 20 అడుగుల లోపు బండి నిలపకూడదు. దీనికి సర్వే అక్కర్లేదు, కౌన్సిలు అక్కర్లేదు. నీ అర్జీలో ఈ మాటే లేదు.

సుభద్ర: (కాస్త ఆగి) అది తెలిసే రాయలేదు.

మూర్తి: ఎందుకని?

సుభద్ర: ఆ బండి మన మూలింటి వాళ్ళది. మొదటి సంతకం ఆయనదే. దీపావళికి టెంట్లు వెయ్యడం నుంచీ పిల్లల క్రికెట్ దాకా అన్నిటికీ ముందుండే మనిషి. మీ బండి తియ్యండి అంటే రేపట్నుంచి నాతో ఎలా మాట్లాడతారు?

రంగమ్మ: గవర్నమెంటు మీదికి వెళ్ళడానికి భయం లేదు గానీ పక్కింటాయనకి చెప్పడానికి భయం.

మూర్తి: ఇది నేను ఉద్యోగంలో చూసిందే అక్కయ్యగారూ. సగం అర్జీలు పక్కింటివాడికి చెప్పలేని మాటని ఊరి చేత చెప్పించడానికి వచ్చేవి.

సుభద్ర: ఒప్పుకుంటున్నాను బాబాయిగారూ. మూల ఖాళీ చెయ్యడం కలుపుతాను, కర్బు పొడిగించడం కలుపుతాను. 25 ఉంటుంది. కానీ స్టాప్ బోర్డు మాత్రం తియ్యను.

మూర్తి: అది రాదని ఇంతసేపూ చెప్పాను కదా!

సుభద్ర: రాదని తెలిసే ఉంచుతున్నాను. కౌన్సిల్ వాళ్ళకి కాదనడానికి ఒకటి కావాలి. అది కాదన్నాక మిగిలినవాటిలో ఒకటైనా ఇవ్వక తప్పదు. అన్నీ సబబైనవే అడిగితే అన్నిటికీ 'పరిశీలిస్తాం' అంటారు.

మూర్తి: చందన బ్రదర్స్‌లో చీరల బేరమా ఇది?

సుభద్ర: అక్కడ బేరం ఉండదు బాబాయిగారూ, ఫిక్స్‌డ్ రేట్లు. కౌన్సిల్లోనే ఉంటుంది.

మూర్తి: అయితే నేనూ వస్తాను. నాకిచ్చే మూడు నిమిషాల్లో ముందు లేచి, మొదటి అంశం తప్పు అని చెప్తాను. అబద్ధానికి సంతకం పెట్టను.

సుభద్ర: తప్పకుండా చెప్పండి. ఇంజినీరుగారు ఒకటి కాదని, మిగిలినవి కావాలంటే వాళ్ళు వింటారు. నేనంటే వినరు.

మూర్తిగారు కాగితం ముందువైపుకి తిప్పి మొదటి అంశం ఎదురుగా 'దీనికి సమ్మతి లేదు' అని రాసి, కింద సంతకం చేశారు. అలా రాస్తే చెల్లుతుందా అని సుభద్ర, చెల్లకపోతే నా తప్పు కాదని ఆయన, మళ్ళీ కాసేపు మొదలైంది. ఆ మధ్యలో రంగమ్మగారు లేచి చెప్పుల స్టాండు దగ్గర బూట్లు వేసుకోవడం మొదలుపెట్టారు.

సుభద్ర: ఎక్కడికి అత్తయ్యా, చీకటి పడుతోంది.

రంగమ్మ: నడవడానికి. మూలింటి వాళ్ళమ్మ రోజూ నాతోనే కదా వచ్చేది. బండి సంగతి ఆవిడకి చెప్తాను, ఆవిడ కొడుక్కి చెప్పుకుంటుంది. ఎంత దూరం అన్నారు మూర్తిగారూ, ఇరవయ్యా, ముప్ఫయ్యా?

మూర్తి: ఇప్పటికి ఇరవై అడుగులు చాలండీ. స్టాప్ బోర్డు ముందైతే చట్టం ప్రకారం ముప్ఫై వదలాలి. మీ కోడలి బోర్డు వచ్చిననాడు ఆ ముప్ఫై సంగతి చూద్దాం.